దుర్మార్గుడు లేని నాటకం

పురసవాక్కంలో మా ఆఫీసు ఉన్న వీధి మొగలో పాత బట్టల కొట్టు ఒకటి పడగొట్టి కొత్త భవనానికి పునాదులు తీస్తున్నారు. మొన్న ఉదయం ఒక లారీ వచ్చి వెనక తొట్టి పైకెత్తింది. ముందు గరగరమని చిన్న చప్పుడు, ఆ తర్వాత కిటికీ అద్దాలు అదిరేంత పెద్ద చప్పుడు, అంతా సద్దుమణిగాక ఒక పెద్దరాయి ఒంటరిగా, ఆలస్యంగా పడిన చప్పుడు. వెనువెంటనే రాతిదుమ్ము వాసన గదిలోకి వచ్చింది. నేను చేస్తున్న పని ఆపి కూర్చుండిపోయాను. సరిగ్గా ఇదే చప్పుడును ఒకప్పుడు మేం ఖాళీ డ్రమ్ములో కంకర పోసి, దొర్లించి, స్కూలు స్టేజి వెనక పుట్టించాం. మాకు బాగానే ఉందనిపించేది. విశాలాక్షి మిస్‌కు అనిపించేది కాదు. "ఆఖరి రాయి ఆలస్యంగా పడాలర్రా. అయిపోయిందని జనం ఊపిరి వదిలాక పడాలి" అని మళ్ళీ దొర్లించమనేవారు.

ఆవిడ తిరువొత్తియూరులో మా స్కూలుకు తెలుగు టీచరు. కాపురం కోడంబాక్కంలో. వాళ్ళ నాన్నగారు ఏదో సినిమా స్టూడియోలో లైట్లు పట్టే పని చేసి రిటైరయ్యారట. ఆవిడ రోజూ కోడంబాక్కంలో లోకల్ రైలెక్కి, బీచ్ స్టేషన్లో దిగి, ఇంకో రైలు మారి, సముద్రం వాసనా ఫ్యాక్టరీల పొగ వాసనా కలిసి కొట్టే మా ఊరికి వచ్చేవారు. అంత దూరం ప్రయాణం చేసి అలిసిపోయిన మనిషిలా ఎప్పుడూ కనిపించేవారు కాదు. రైల్లో చూసిందేదో పట్టుకొచ్చి మా ముందు పెట్టేవారు. ఒకసారి క్లాసులోకి వస్తూనే, "ఇవాళ నా ఎదురుగా ఒకామె మల్లెపూలు కడుతూ కూర్చుంది. నేను దిగేదాకా ఒక్కసారైనా పూల వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూనే కట్టింది. ఏ పువ్వు వాడిందో, ఏది బాగుందో ఆ వేళ్ళకు ఎలా తెలుస్తుందంటారు?" అని అడిగారు. మేం తోచిందేదో చెప్పాం. ఆవిడ ప్రతి జవాబూ విని, నిజంగానే ఆలోచించి, "కావచ్చు" అన్నారు. ఆ రోజు పాఠం జరగలేదు. చాలా రోజులు అలాగే జరిగేది కాదు. హెడ్మాస్టరు కారిడార్లో నిలబెట్టి "పోర్షన్ ముగిసిందా అమ్మా?" అని అడిగితే, "ముగించేస్తానండీ" అని తలవంచుకుని వెళ్ళిపోయేవారు. మళ్ళీ మరునాడు ఇంకో ప్రశ్న.

మాది తరాల కిందటే ఈ వైపు వచ్చి స్థిరపడిన కుటుంబం. నాన్న దగ్గర్లోని ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఇంట్లో మేం మాట్లాడే తెలుగులో సగం అరవం ఉంటుంది. క్లాసులో పిల్లలం మాలో మేం అరవంలోనే మాట్లాడుకునేవాళ్ళం. తెలుగు తీసుకున్నవాళ్ళం ఏటేటా తగ్గుతూ, పదకొండో తరగతికి వచ్చేసరికి ఒక గదిలో ముందు రెండు బల్లలు నిండేంతమంది మిగిలాం. మిస్ ఎన్నడూ మా భాష చూసి నవ్వలేదు. "ఆడ, ఈడ అనడం తప్పా మిస్?" అని నేనొకసారి అడిగితే, "తప్పెందుకవుతుంది? అక్కడ అంటే దూరంగా ఉన్నట్టుంటుంది, ఆడ అంటే చెయ్యి చాపితే అందేలా ఉంటుంది. నాకు రెండూ కావాలి" అన్నారు.

ఆ ఏడే నాటకం సంగతి ఎత్తారు. మామూలుగా స్కూల్ డేకి తెలుగు పిల్లలు ఒక పాటకు డాన్సు చేసి దిగిపోవడం ఆనవాయితీ. ఆవిడ వచ్చి ఆఖరి బల్ల మీద, మా వెనక కూర్చున్నారు. ముఖ్యమైన మాట చెప్పాలంటే అక్కడే కూర్చునేవారు, మేమంతా వెనక్కి తిరగాల్సి వచ్చేది.

"ఈసారి ఒక విషాద నాటకం ఆడదాం. ఎవరో రాసింది కాదు, మీరు రాసింది. రాసే పద్ధతి మాత్రం వేల ఏళ్ళ కిందట గ్రీసు దేశంలో ఒకాయన రాసిన పద్ధతి."

"ఎవరు మిస్?"

"పేరు చెప్తే పరీక్షలో వస్తుందేమోనని బట్టీ పడతారు. నాటకం ఆడిన తర్వాత చెప్తాను."

ఆ పద్ధతి ఏమిటో మాత్రం చెప్పారు. కథంతా ఒక్క పగటిలో జరిగిపోవాలి. చావు ఉంటే అది స్టేజి మీద కనబడకూడదు, ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పాలి. ఊరి జనం ఒక పక్కన నిలబడి, బుర్రకథలో వంతల్లాగా, జరిగేదానికి భయపడుతూ, ఆశపడుతూ పాడుతుండాలి. అన్నిటికంటే ముఖ్యం, పతనమయ్యేవాడు మంచివాడై ఉండాలి, అతని పతనం అతని మంచితనంలోంచే రావాలి. మన పాత నాటకాల్లో ఎంత దుఃఖమున్నా చివరకు శుభంతో ముగుస్తాయనీ, ఈయనవి అలా ముగియవనీ, అయినా జనం పొద్దున్నే కొండవాలు మెట్లమీద కూర్చుని సాయంత్రందాకా చూసేవారనీ చెప్పి, "ఎందుకు చూసేవారో నాకు అంతుపట్టదు" అన్నారు.

దామోదరం లేచాడు. వాడిది సముద్రపొడ్డున ఉన్న జాలరిపల్లె, మా ఊళ్ళో కుప్పం అంటారు. పొడుగ్గా, ఎప్పుడూ చొక్కా చేతులు మడిచి ఉండేవాడు. "అయితే దుర్మార్గుడు ఎవరు మిస్?"

"ఉండడు."

"వాడు లేకుండా కతెట్లా నడిచేది? రొంబ కష్టం మిస్."

"అదే చూద్దామని నాకూ ఆశగా ఉంది."

మేం రాసుకొచ్చిన మొదటి కథలన్నిటిలో దుర్మార్గులే. నా కథలో సవతితల్లి. దామోదరం కథలో రౌడీలను పెట్టుకున్న ఒక పడవల యజమాని. నా పక్కన కూర్చునే ఎస్తేరు కథలో తాగొచ్చి కొట్టే మొగుడు. మిస్ మూడూ ఓపిగ్గా విన్నారు. "ఇతను లేకపోతే ఏమయ్యేది?" అని ప్రతిసారీ అడిగారు. అందరూ సుఖంగా ఉండేవాళ్ళు అని మేం చెప్పాం. "అయితే ఇది పోలీసులు చూసుకునే సంగతి. ఒకణ్ణి పట్టుకుంటే అయిపోతుంది. ఎవర్ని పట్టుకున్నా తీరని కథ ఏదైనా మీ ఊళ్ళో ఉందేమో చూడండి" అన్నారు. మా ఊళ్ళో అలాంటిది ఉంటుందని మాలో ఎవరికీ నమ్మకం లేదు. ఆవిడకు మాత్రం ప్రతి ఊళ్ళోనూ ఒకటి ఉంటుందనే నమ్మకం.

ఒక ఆదివారం సాయంత్రం ఆవిడ సెలవు మానుకుని అంత దూరం వచ్చి మమ్మల్ని సముద్రపొడ్డుకు తీసుకెళ్ళారు. దామోదరం కుప్పం ముందర కట్టిన రాతికట్ట మీద కూర్చుని, సంచీలోంచి వేయించిన వేరుశెనక్కాయలు తీసి పంచారు. అలలు కట్టకు తగిలి వెనక్కి పోతున్నాయి. దామోదరం ఆ రోజు మా అందరికీ అతిథిమర్యాదలు చేసే ఇంటివాడిలా ఉన్నాడు. ఆ రాళ్ళు తెచ్చింది వాళ్ళ తాత. ఒకప్పుడు సముద్రం ఏటా ఒక వరస ఇళ్ళను మింగుతుంటే, కుప్పానికి పెద్దగా ఉన్న ఆ తాత ఆఫీసుల చుట్టూ తిరిగి, మంత్రి కారుకు అడ్డంగా పడుకుని, చివరకు లారీల్లో రాళ్ళు దింపించాడు. "ఈ రోజుకి కూడా మా తాత నడిచిపోతా ఉంటే ఆడోళ్ళు లేసి నిలబడతారు మిస్" అన్నాడు దామోదరం.

"ఈడ రాళ్ళు ఉండాయి. అట్లా ఉత్తరంగా పోదాం, ఆడ చూపిస్తా" అంది ఎస్తేరు.

రాళ్ళు అయిపోయిన చోటు నుంచి ఇసుక ఒక్కసారిగా కిందికి దిగిపోయింది. కొంతదూరం నడిచాక అలల మధ్య ఒక సిమెంటు స్తంభంలాంటిది కనిపించింది. దగ్గరికి వెళ్తే అది బావి. చుట్టూ ఉన్న నేలంతా సముద్రం ఊడ్చుకుపోగా, బావి లోపలి వరలు మాత్రం ఒకదానిమీద ఒకటి నిటారుగా నిలబడి ఉన్నాయి. భూమిలో ఉండాల్సిన బావి ఆకాశంలోకి లేచి నిలబడితే ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూశాను.

"ఇది మా అవ్వ ఇంటి బావి. నేను చిన్నప్పుడు ఈడ్నే స్నానం చేసేదాన్ని" అంది ఎస్తేరు. వాళ్ళమ్మ పుట్టిల్లు అది. ఇల్లు పోయాక అవ్వ ఆ వెనకే ఒక రేకుల పాకలో ఉంటూ ఎండుచేపలు అమ్ముకుంటోంది.

మిస్ చాలాసేపు ఆ బావినే చూశారు. తర్వాత దక్షిణంగా, మేం వచ్చిన రాతికట్ట వైపు చూశారు. "ఆ రాళ్ళు పడకముందు ఈ ఇంటి దాకా నీళ్ళు వచ్చేవా ఎస్తేరూ?"

"లేదు మిస్. ఆడ రాళ్ళేసినాకనే వచ్చింది."

దామోదరం చేతిలోని వేరుశెనక్కాయలు తినడం మానేశాడు.

మరునాడు సైన్సు సారును అడిగి తెలుసుకున్నాం. మా తీరంలో సముద్రం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటుందట. మధ్యలో రాళ్ళు అడ్డం పడితే ఇసుక అక్కడే ఆగిపోతుంది, ఆ పైనున్న ఊళ్ళకు అందదు. ఇసుక అందని ఊరిని సముద్రం తింటుంది. సారు బోర్డు మీద గీసి చూపించి వెళ్ళిపోయారు. ఎస్తేరు ఆ బొమ్మను చూస్తూ మామూలు గొంతుతోనే అంది, "అయితే మా అవ్వ ఇల్లు పోయింది ఈళ్ళ తాత వల్లనే." దామోదరం లేచిన విసురుకు బల్ల పక్కకు ఒరిగిపోయింది. "మీ అవ్వ ఇల్లు నిలబడాలంటే మా కుప్పమంతా మునగాల్నా?" అని అరిచి, సంచీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

మిస్ వచ్చాక జరిగింది చెప్పాం. ఆవిడ ముఖంలో అప్పుడు రెండు భావాలు ఒకేసారి చూశాను. వెతుకుతున్నది దొరికిన మనిషి ముఖంలో కనిపించే వెలుగు, ఆ వెంటనే దాన్ని చూసి తనే భయపడినట్టు. "మన నాటకం ఇదే. కానీ ఇది రాసే హక్కు మనకు ఉందో లేదో నాకు తెలియదు. దామోదరం వచ్చి రాద్దామంటేనే రాద్దాం. లేకపోతే ఎప్పటిలాగే డాన్సు" అన్నారు. వాడి సంచీని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎవర్నీ వాళ్ళింటికి పంపలేదు, తనూ వెళ్ళలేదు. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది. వెళ్ళి నచ్చజెప్పవచ్చు కదా అనుకున్నాను. "నేను నచ్చజెప్తే వాడు నా కోసం ఒప్పుకుంటాడు. అది నాకు వద్దు కోమలా" అన్నారు.

దామోదరం వారమంతా రాలేదు. వచ్చిన రోజున ఎవరితోనూ మాట్లాడకుండా పాఠం అయ్యేదాకా కూర్చుని, అప్పుడు లేచాడు. "రాద్దాం మిస్. అయితే ఒగటి. ఊరిపెద్దని చెడ్డోడుగా రాస్తే నేను ఒప్పుకోను."

"చెడ్డవాడుగా రాస్తే ఆ గ్రీకాయన కూడా ఒప్పుకోడు."

"ఇంగొగటి. పెద్ద వేషం నేనే ఏస్తా."

మిస్ ఎస్తేరు వైపు చూశారు. ఎస్తేరు కాసేపు గోళ్ళు చూసుకుని, "నేను కూతురు వేషం ఏస్తా" అంది. కూతురనే పాత్రే అప్పటిదాకా కథలో లేదు. ఆ క్షణంలో పుట్టింది. ఊరిపెద్ద కూతుర్ని ఉత్తరాన ఉన్న పల్లెకే ఇచ్చి పెళ్ళి చేశాడన్నమాట.

ఆ తర్వాతి నెలలే నా బడి జీవితంలో నేను నిజంగా బతికిన నెలలు. కథ ఇలా కుదిరింది. రాళ్ళు పడిన పండగ నాడు ఊరంతా పెద్దకు తలపాగా చుట్టి సన్మానం చేస్తుంటుంది. ఉత్తరం నుంచి మనుషులు వచ్చి, మా ఊరు మునిగిపోతోంది, సాయం చెయ్యండని మొరపెట్టుకుంటారు. పెద్ద మనసున్నవాడు కనుక అతను అందరి ముందూ ఒట్టు పెడతాడు, ఈ కీడు ఎవరివల్ల జరిగిందో కనుక్కుంటాను, వాడు ఎవడైనా సరే మన ఊళ్ళో ఉండడానికి వీల్లేదు అని. అడుగుతూ పోతాడు. ముసలి జాలర్లను, పడవ మేస్త్రీని, చివరకు సొంత కూతుర్ని అడుగుతాడు. ప్రతి జవాబూ అతన్ని తన గుమ్మం వైపే నడిపిస్తుంది. తెలిసిన గొంతులో తెలిసిన మాటలు రాయడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఊరి జనం పాటలు నా వంతు. "కట్ట కట్టినాడు మా కన్నతండ్రి" అని పొగడ్తగా మొదలుపెట్టిన పాటనే చివర్లో మళ్ళీ పాడించమన్నారు మిస్. మాటలేవీ మార్చవద్దన్నారు. "మాటలు అవే, విన్నవాళ్ళు మారారు. ఎలా ఉంటుందో వినాలని ఉంది" అన్నారు. రిహార్సల్లో ఆ పాట రెండోసారి వచ్చినప్పుడు పాడుతున్న మేమే ఒకరి తర్వాత ఒకరం శ్రుతి తప్పాం.

ముగింపు దగ్గర గొడవయింది. పెద్ద చచ్చిపోవాలంది ఎస్తేరు. కూతురు క్షమించాలన్నాడు దామోదరం. నేను ఇద్దరి మధ్యా నలిగిపోయి, కట్ట పగలగొట్టేస్తే సరిపోదా అన్నాను. "పగలగొడితే?" అన్నారు మిస్. ఈ కుప్పం మునుగుతుంది. "ఉంచితే?" ఆ పల్లె మునుగుతుంది. "పోనీ ఆ పల్లెకూ రాళ్ళేస్తే?" దాని పైనున్న పల్లె. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అంతవరకు మాకది కథగానే ఉంది. ఆ మధ్యాహ్నం నుంచి కాదు. చివరికి దారి చూపింది దామోదరమే. "ఒట్టు పెట్టినాడు గదా మిస్. ఒట్టు వాడికి కూడా పడతది. తలపాగా తీసి ఆడ పెట్టి ఊరొదిలి పోతాడు. ఉత్తరానికే పోతాడు" అన్నాడు. ఎస్తేరు వాడి వైపు చాలాసేపు చూసి, "సరి" అంది.

హెడ్మాస్టరు రిహార్సల్ చూసి, కళ్ళు తుడుచుకుని, "చాలా బాగుందమ్మా, కానీ పండగ నాడు ఇది ఎందుకు? చివర్లో ఒక మంచి పాట పెట్టి అందరినీ కలిపెయ్యకూడదూ?" అన్నారు. మిస్ ఆయనతో వాదించలేదు. "పిల్లలనే అడగండి సార్" అన్నారు. మేం కుదరదన్నాం. ఆయన పాపం అంతటితో ఊరుకున్నారు.

నాటకం ముందురోజు మిస్ దామోదరాన్ని పక్కకు పిలిచారు. "తాతగారికి చెప్పావా?"

"చెప్పినా మిస్. రాళ్ళ గురించి నాటకం, నేను పెద్ద వేషం ఏస్తా ఉండా అని చెప్పినా. తెల్లచొక్కా ఉతికించుకున్నాడు."

"మిగతాది?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "చెప్పేదానికి నోరు రాలేదు మిస్. నాటకంలో అయితే చెప్తా." మిస్ చేతిలోని సుద్దముక్క విరిగింది.

ఆ సాయంత్రం తాత ముందు వరుసలో కూర్చున్నాడు. నల్లగా, ఎండిన చెక్కలా బిగువుగా ఉన్న మనిషి. కుప్పం ఆడవాళ్ళు కూడా వచ్చారు. ఎస్తేరు వాళ్ళమ్మ వెనక ఎక్కడో నిలబడింది. నేను వంతపాట వాళ్ళలో ఉన్నాను కనుక స్టేజి పక్కనుంచి తాత ముఖం నాకు స్పష్టంగా కనిపిస్తూ ఉంది. రాళ్ళు దొర్లిన చప్పుడుకు ఆయన నవ్వాడు. తలపాగా చుట్టినప్పుడు పక్కవాళ్ళ వైపు చూశాడు. ఉత్తరం మనుషులు వచ్చినప్పుడు నవ్వు ఆగింది. ఎస్తేరు వచ్చి, "ఊరు నిలబెట్టినావు నాయనా. ఏ ఊరు?" అన్నప్పుడు రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని ముందుకు వంగాడు. కూతురు తన పల్లెకు తిరిగి వెళ్ళిపోతుంది. ఆమె ఇల్లు ఆమె మీదే కూలిపోయిందని ఒకడు పరుగున వచ్చి చెప్తాడు.

దామోదరం తలపాగా విప్పాడు. మేం మా పాట మళ్ళీ మొదలుపెట్టాం. వాడు స్టేజి దిగి, అనుకున్న ప్రకారం, జనం మధ్యలోంచి గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు. ముందు వరుస దాటుతుండగా తాత లేచి నిలబడి వాడి చెయ్యి పట్టుకున్నాడు. నా పాట ఆగిపోయింది. మిస్ స్టేజి పక్కనుంచి ఒక అడుగు ముందుకు వేసి నిలబడిపోయారు.

"యాడికిరా పోతా ఉండావు?" అన్నాడు తాత. పెద్దగా అనలేదు, కానీ అందరికీ వినబడింది.

దామోదరం గేటు వైపు చూశాడు. "ఉత్తరానికి తాతా."

ముసలాయన వాడి ముఖంలోకి చూశాడు. వెనక్కి తిరిగి తన కుప్పం ఆడవాళ్ళను చూశాడు. అప్పుడు తన భుజంమీది తువ్వాలు తీసి, కూర్చున్న కుర్చీలో పెట్టి, "పద. నేనూ వస్తా" అన్నాడు. ఇద్దరూ కలిసి గేటు దాకా నడిచిపోయారు. జనం అదీ నాటకమే అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

గేటు బయట వాళ్ళ దగ్గరికి మిస్, వెనకే నేనూ ఎస్తేరూ వెళ్ళాం. తాత గోడకు ఆనుకుని ఉన్నాడు. మిస్ చేతులు జోడించి, "మిమ్మల్ని బాధపెట్టాం. తప్పు నాదండీ" అన్నారు.

"బాదేముందమ్మా" అన్నాడాయన. "ఆడ నీళ్ళెక్కిన నాడే నాకు తెలుసు. నా ముందర ఎవురూ అనలేదు. అనేంత దైర్యం ఎవురికీ లేకపాయె. నేను ఆ పక్కకి నడిచి పొయ్యేది నిలిపేసినా, అంతే." ఎస్తేరును చూసి, "నువ్వు ఎవురి బిడ్డవు?" అని అడిగాడు. ఎస్తేరు తన అవ్వ పేరు చెప్పింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది ఎస్తేరు చెప్తే తెలిసింది. మరుసటి ఆదివారం ఆయన మనవణ్ణి తీసుకుని ఉత్తరానికి నడిచి వెళ్ళాడు. అవ్వ పాక ముందు చేపలు ఎండేస్తోంది. ఆయన్ని గుర్తుపట్టినా లేవలేదు. "ఇన్నాళ్ళకి దావ కనపడిందా?" అంది. ఆయన ఆ ఇసుకలోనే కూర్చున్నాడు. అవ్వ తిట్టింది. పోయిన ఇంటి దూలం గురించి, కొబ్బరిచెట్టు గురించి, ఒకటొకటిగా చెప్పి తిట్టింది. ఆయన అన్నీ విన్నాడు. పొద్దు నెత్తిమీదికొచ్చాక ఆవిడే లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. క్షమించిందా అని అడిగితే ఎస్తేరు, "ఏమో. నీళ్ళయితే ఇచ్చింది" అంది. ఆ తర్వాత రెండు ఊళ్ళ మనుషులూ కలిసే ఆఫీసులకు వెళ్ళడం మొదలైంది. ఒక్క కుప్పానికి రాళ్ళు కాదు, తీరమంతటికీ ఇసుక గురించి ఆలోచించమని అడిగారు. కొంత జరిగింది, చాలా జరగలేదు. బావి కొన్నేళ్ళకు పడిపోయింది. దామోదరం ఇప్పుడు ఓడరేవులో పనిచేస్తున్నాడు, ఎస్తేరు నర్సు. ఇద్దరూ ఎదురైతే గంటలకొద్దీ మాట్లాడుకుంటారు, ఆ నాటకం గురించి మాత్రం మాట్లాడరు.

అన్న మాట ప్రకారం మిస్ ఆ గ్రీకాయన పేరు బోర్డు మీద రాశారు. ఆయన రాసినవాటిలో కాలానికి మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నేనని చెప్పి తుడిచేశారు. పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన పుస్తకాలు తర్వాత చదివాను. చదువుతుంటే అన్నీ మా తిరువొత్తియూరు గొంతుతోనే వినబడ్డాయి.

ఆవిడ రిటైరయ్యాక కోడంబాక్కంలో వాళ్ళింటికి అప్పుడప్పుడు వెళ్ళేదాన్ని. చిన్న ఇల్లు, మేడమీద పోర్షను. రైల్వే గేటు పడినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి ఆగిన బళ్ళలో ఎవరెవరున్నారో చూసి నాకు చెప్పేవారు. ఒకసారి అడిగాను. "మిస్, ఆ రోజు తాత లేచినప్పుడు మీరేమనుకున్నారు?"

"వాణ్ణి కొడతాడనుకున్నాను."

"మరి ముందే ఆపలేదేం?"

"ఆపాలా వద్దా అని ముందురోజు రాత్రంతా ఆలోచించాను. తేల్చుకోలేకపోయాను." కిటికీ దగ్గరికి వెళ్ళి అన్నారు. "మంచివాళ్ళ చేతుల మీదుగా ఇంత చెడు ఎలా జరుగుతుందో నాకు నిజంగా తెలియదు కోమలా. చిన్నప్పటి నుంచీ తెలియదు. మా ఇంట్లోనే చూశాను. తెలిసి ఉంటే పాఠం చెప్పి ఊరుకునేదాన్ని. తెలియదు కాబట్టే మీ చేత రాయించాను." వాళ్ళింట్లో ఏం చూశారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. అప్పటిదాకా ఆవిడకు జవాబు తెలుసుననీ, మాకు నేర్పడం కోసం దాచిపెట్టారనీ అనుకున్నాను. ఆవిడ కూడా మాతోపాటే వెతుకుతున్నారని తెలిశాక ఆవిడ మీద గౌరవం తగ్గకపోగా ఇంకేదో పెరిగింది. దానికి పేరు పెట్టలేను. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

నేనిప్పుడు చేసే పని విడిపోవాలనుకునే దంపతులతో మాట్లాడడం. కౌన్సెలింగ్ అంటారు. నా గదిలోకి వచ్చే ప్రతి ఒక్కరూ ఒక దుర్మార్గుణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. కొన్నిసార్లు నిజంగానే దుర్మార్గుడు ఉంటాడు, అప్పుడు పోలీసుల దగ్గరికే పంపిస్తాను. ఎక్కువసార్లు ఉండడు. ఒకరు పిల్లల చదువు కోసం దూరంగా వెళ్ళి ఉంటారు, ఇంకొకరు అత్తగారి జబ్బు చూసుకుంటూ మొగుణ్ణి చూసుకోవడం మానేసి ఉంటారు. ఒకరు కట్టుకున్న గోడ రెండోవాళ్ళ కాళ్ళకింద ఇసుకను తీసేసి ఉంటుంది. నేను త్వరపడను. అడిగి ఆగుతాను.

మొన్న ఆ రాళ్ళ లారీ వెళ్ళిపోయాక నా ఎదుట ఒక మధ్యవయసాయన కూర్చున్నాడు. భార్య బయట బెంచీ మీద ఉంది. ఆయన కుర్చీ అంచున, ఏ క్షణమైనా లేచి పోయేవాడిలా కూర్చుని, తన వైపు నిజాలన్నీ గబగబా చెప్పేశాడు. చెప్పి, "ఇవన్నీ మీరు దినామూ చూస్తా ఉంటారు గదా మేడం. చూడంగానే తప్పు ఎవరిదో మీకు తెలిసిపోతుందా?" అని అడిగాడు.

"తెలియదండీ" అన్నాను.

ఆయన నమ్మనట్టు నా వైపు చూశాడు. అప్పుడు, వచ్చిన తర్వాత మొదటిసారి, కుర్చీలో వెనక్కి జరిగి కూర్చున్నాడు.